పది నిమిషాలు మరిగించాలి

జూన్ 4

ఈ పుస్తకం మా మామగారిది. మొదటి పేజీల్లో ఆయన చేతిరాత ఉంది. ఏ ఆకు ఏ నెలలో వాసన కోల్పోతుందో, ఏ గింజ ఎన్నాళ్లు నిలవ ఉంటుందో రాసుకున్నాడు. మిగతాదంతా ఖాళీ. ఇకమీదట పొద్దున్నో రాత్రో, షట్టరు దించి ఉన్నప్పుడు ఇందులో రాసుకుందామని. నాకోసమే. ఎవరికీ చూపించేది కాదు.

మొన్న సాయంత్రం చెయ్యి కాస్త ఎక్కువ పడింది.

ఎందుకు పడిందో కూడా రాయాలి, లేకపోతే న్యాయం కాదు. రిటైరైన పోస్టుమాస్టరు దాల్చినచెక్క కోసం వచ్చాడు. షుగరుకి మంచిదేనా అని అడిగాడు. మంచిదేమిటి సార్, మూడు నెలలు పరగడుపున కాచుకుని తాగండి, బిళ్లలు మీరే చెత్తబుట్టలో పారేస్తారు అన్నాను. దుకాణం అన్నాక నాలుగు మాటలు కలపాలి. మా ఆవిడ లోపల మందులు కలిపే గదిలోంచి గుమ్మం దాకా వచ్చి, "బిళ్లలు మాత్రం మానకండి బాబాయిగారూ. ఇది టీ, మందు కాదు. తాగితే నోటికి బాగుంటుంది, కాస్త హాయిగా ఉంటుంది, అంతే" అంది. ముసలాయన నా మొహం చూసి నవ్వాడు. ఈ వీధిలో అందరూ నన్ను డాక్టరుగారూ అని పిలుస్తారు. సరదాకే కావచ్చు. అయినా పిలుస్తారు కదా.

ముసలాయన వెళ్లేదాకా ఆగాను. పొట్లం కట్టి ఇచ్చాను. షట్టరు దించాను. అప్పుడు లోపలికి వెళ్లాను.

రెండే రెండు చెంపదెబ్బలు. రెండోదానికి ఆవిడ వెనక్కి తూలింది, తల వెనకభాగం ఇనుప రాక్ అంచుకి ఠంగున తగిలింది. అది నేను అనుకున్నది కాదు. రాక్ మీది డబ్బాలు పదమూడూ దొర్లిపడ్డాయి. అన్నీ ఒకేలాంటి రేకు డబ్బాలు, ఒక్కదాని మీదా చీటీ లేదు. వాళ్ల నాన్న నాటి అలవాటు. చీటీ చదివి మందు కలిపేవాడికి ముక్కెందుకు అనేవాడాయన. ఆవిడా అంతే. మూత ఎత్తి ఒక్కసారి గాలి పీల్చిందంటే లోపల ఏముందో, ఎన్ని నెలల కిందటిదో చెప్పేస్తుంది. దుకాణం నడిచేది ఆ ముక్కు మీదేనని మామగారు నా ఎదురుగానే అనేవాడు. నన్ను చూసి మాత్రం, గాడిదకేం తెలుసు గంధపు వాసన అని నవ్వేవాడు. పోయినాయన్ని ఏమంటాం.

డబ్బాలన్నీ ఏరి నేనే రాక్ మీద సర్దాను. కొట్టిందీ నేనే, సర్దిందీ నేనే. ఎంతమంది సర్దుతారు?

జూన్ 5

ఆవిడకి నిన్న రెండుసార్లు వాంతి అయింది. అల్లం రసంలో తేనె కలిపి ఇచ్చాను. వికారానికి అల్లాన్ని మించింది లేదు. తల వెనక వాపు మీద పసుపు పట్టు వేశాను. నా చేత్తో నేనే వేశాను. నొప్పిగా ఉందా అంటే లేదంది.

ఈరోజు ఒక డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడింది. మూత పెట్టింది. మళ్లీ తీసింది. ఏమిటే అంటే, ఏం లేదు, జలుబు చేసినట్టుంది అంది.

జూన్ 7

బాగా ఆలోచించాను. ఇది నా తప్పు కాదు, నా ఒంట్లో వేడి.

పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ మిరియాలూ శొంఠీ లవంగాలూ మధ్య కూర్చునే మనిషిని. రోజంతా బుగ్గన లవంగం ఉంటుంది. మా నాన్నది కూడా ఇదే శరీరం. అన్నం కంచం గోడకి కొట్టేవాడు. అమ్మ ముందు పళ్లు రెండూ రాలగొట్టింది ఆయన ఒంట్లో వేడే. నేను మంచం కింద దూరి చెవులు మూసుకునేవాణ్ని. ఆయనకి ఎవరైనా చలవ చేసే కషాయం కాచి పోసి ఉంటే ఆ ఇల్లు వేరేగా ఉండేది. ఎవరికీ తోచలేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు, ఇంటి నిండా మూలికలు పెట్టుకుని నాకు మాత్రం ఇన్నాళ్లకు తోచింది.

ధనియాలు పైత్యానికి. సోంపు కడుపు మంటకి. చామంతి నిద్రకి. సరస్వతి ఆకు బుర్రకి. వట్టివేరు ఒంటికి చలవ. పొట్లాల మీద ఈ చీటీలన్నీ నేను రాసినవే, వేలమంది తాగారు. నేనూ తాగుతాను, ఎప్పుడు కోపం వచ్చిందో ఎప్పుడు రాలేదో ఇక్కడ రాసుకుంటాను. మనిషన్నాక ప్రయత్నం ఉండాలి.

ఆవిడతో చెప్పాను. "కోపానికి మందు మా నాన్న ఎప్పుడూ కలపలేదండీ" అంది.

నేను ఏమీ అనలేదు. చూశారా, అప్పుడే గుణం.

జూన్ 9

రెండు రోజులైంది, కోపం రాలేదు. ధనియాలంటే ధనియాలే.

జూన్ 10

వచ్చింది. టీ మరీ వేడిగా ఇచ్చింది. చలవకి తాగేది కాలేట్టు ఇస్తే ఎలా? కప్పు విసిరాను, గోడకే. కొంత ఆవిడ మెడ మీద పడింది. కలబంద రాశాను.

జూన్ 11

వాన. దుకాణం పలచగా ఉంది.

జూన్ 15

పోస్టుమాస్టరు మళ్లీ వచ్చాడు. దగ్గు పొడి రుచి మారిందంటాడు. "ఘాటు ఉంది గానీ ఇదివరకటి కమ్మదనం లేదు డాక్టరుగారూ, అమ్మాయికి ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి నేల చూస్తోంది. ఇంట్లో కూర కూడా అలాగే ఏడుస్తోంది, నాలుగు రోజులుగా ఉప్పు కషాయం. మనసు పెట్టి చెయ్యడం లేదు.

ఆయన వెళ్లాక షట్టరు దించి లోపలికి వెళ్లాను. మిరియాలు దంచుతోంది. ఎలా దంచాలో చూపిస్తానని రోకలి అందుకున్నాను. మూరెడు ఇనుప రోకలి, మామగారి నాటిది. ఆవిడ ఎడమ చెయ్యి రోలు అంచు మీద ఉంది. తియ్యొచ్చు కదా? తియ్యలేదు. చిటికెన వేలు, దాని పక్కది.

అరవలేదు. మొదట ఆశ్చర్యంగా చూసింది, తరవాత గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. రోట్లో మిరియాలు ఎర్రబడ్డాయి. అవన్నీ పారబొయ్యాల్సి వచ్చింది.

లవంగ నూనె రాసి గుడ్డ కట్టాను. నొప్పికి లవంగ నూనె దివ్యం, చర్మం మొద్దుబారిపోతుంది. నా నాలుక సంగతి నాకు తెలియదా.

ఈ ధనియాలూ సోంపూ నా వేడికి చాలవు. ఇంకా గట్టిది కావాలి.

జూన్ 18

ఆవిడ అన్నగారు దిగాడు. లారీ నడుపుతాడు. ఇంజను దెబ్బతిని ఇక్కడి షెడ్డులో పెట్టాడట, అది బాగయ్యేదాకా మా ఇంట్లోనే. మా గుమ్మంలోంచి రావాలంటే ఆ మనిషి కాస్త పక్కకి తిరగాలి.

చెల్లెలి చెయ్యి చూశాడు. "వేళ్లకేమైందే?"

"రోకలి పడింది అన్నయ్యా."

"రోకలి దానంతటది పడిందా?"

"నా పరాకు."

అతను కూర్చుని, కౌంటరు మీది బుట్టలోంచి అక్రోటు కాయలు రెండు తీసి గుప్పిట్లో పెట్టి పటుక్కున నలిపాడు. పప్పు చెల్లెలికి పెట్టాడు, పెంకులు నా చేతిలో పోశాడు. "బావగారూ, మీ బుట్ట ఎక్కడో చూసి వెయ్యండి" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఈరోజే మందు మార్చాను. మామగారి చలవ పొడి ఉంది, ఎండాకాలంలో పెద్ద పెద్ద ఆఫీసుల వాళ్లు కబురంపి తెప్పించుకునేవాళ్లు. అది కాచి ఇవ్వమన్నాను. ఆవిడ రాక్ ముందు నిలబడి డబ్బాలు లెక్కపెట్టుకుంది, కింది వరసలో చివరిది తీసింది. కాచింది. తాగాను. నా నోటికి అన్నీ ఒకటే.

జూన్ 19

రాలేదు.

జూన్ 20

రాలేదు. కుంకుమపువ్వు సీసా ఆవిడ చేతిలోంచి జారి నేల మీద భళ్లుమంది. ఆవిడ మొహం రెండు చేతులతో కప్పుకుంది. బావగారు కుర్చీలోంచి తల తిప్పి చూశాడు. నేను, "పోనీలేవే, కాలికి గుచ్చుకోలేదు కదా" అన్నాను. నా నోటి నుంచే ఆ మాట వచ్చింది! లోపల ఎక్కడా ఏమీ కదల్లేదు. ఇదీ మందంటే. ఇన్నాళ్లూ దీన్ని ఎదురుగా పెట్టుకుని కొండలు తవ్వాను.

జూన్ 22

రాలేదు. బావగారు నా కప్పులోంచి ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "ఇదేం టీ బావా, గోనెసంచి నానబెట్టినట్టుంది" అన్నాడు. లారీ డ్రైవరుకి డీజిలు తప్ప ఏం తెలుస్తుంది.

జూన్ 24

ఇంత గొప్ప మందు నేనొక్కణ్నే తాగితే పాపం కాదూ? ఇరవై పొట్లాలు కట్టమన్నాను. ఆవిడ కట్టింది, చీటీలు నేను రాశాను. ‘కోపానికి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పది నిమిషాలు మరిగించాలి.’ వాడి చూసినవాణ్ని నేనే, ఇక అబద్ధం ఏముంది?

ఆవిడ ఆఖరి పొట్లానికి దారం చుడుతూ, "ఇది ఊళ్లోవాళ్లకి వద్దండీ" అంది. బావగారు అక్కడే ఉన్నాడు. ఎందుకు వద్దే, అని మెత్తగా అడిగాను. పొట్లం ముడేసి కౌంటరు మీద పెట్టింది.

మొదటి పొట్లం లాండ్రీలో ఇస్త్రీ చేసే అమ్మాయి కొంది. రెండు నెలలుగా వాళ్లమ్మ దగ్గర ఉంటోంది, మొగుడు కొడతాడని. నన్ను అన్నా అని పిలుస్తుంది. "నిజంగా తగ్గుతుందా అన్నా? తగ్గుతుందంటే వెళ్లిపోతాను ఇంటికి" అంది. నా మొహం చూడు, నేను తాగుతున్నాను, పూచీ నాది అన్నాను. వాడూ ఇస్త్రీ పనివాడే, లాండ్రీ యజమాని ముందు చేతులు కట్టుకుని నిలబడతాడట. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. అలాంటివాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట.

జూన్ 25

రాలేదు.

జూన్ 27

రాలేదు. కూర ఉప్పు. పరవాలేదులే అన్నాను. "పరవాలేదా?" అంది ఆవిడ, నా వంక కొత్తగా చూస్తూ. ఎంత సంతోషించిందో పాపం.

జూన్ 29

లారీ బాగయింది. పొద్దున్నే బావగారు వెళ్లిపోయాడు. చెల్లెలి తల నిమిరి, చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నాతో, "మళ్లీ ఇదే దారిలో వస్తా బావగారూ" అన్నాడు. రమ్మన్నాను. మంచి మనిషి. ఇల్లు బోసిపోయింది.

పదకొండు రోజులు. ఒక్కసారి కూడా రాలేదు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఇది మొదటిసారి.

జూలై 2

నిన్న.

ఎలా మొదలైందో గుర్తు చేసుకుంటే, ఏలకులు. ఇద్దరు ఆడవాళ్లు ఏలకులు అడిగితే ఆవిడ సోంపు డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. మూత తీసి వాళ్లకి చూపించాను, నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. వాళ్లు వెళ్లారు. షట్టరు దించాను.

ఈసారి మొహం మీద కాదు. పడిపోయాక కాలితో. ఎన్నిసార్లో తెలియదు. పక్కటెముక దగ్గర ఎండుపుల్ల విరిగిన చప్పుడు వచ్చింది, అప్పుడు ఆపాను. ఆవిడ నోటి దగ్గర నేల తడిగా ఉంది. చూస్తే ఎరుపు. పెదవేలే, లోపలిది కాదు.

తరవాత కూర్చుని ఏడ్చాను. నిజంగా ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

మందు ఏమైంది? ఆలోచించి ఆలోచించి పట్టుకున్నాను. నిన్న పొద్దున ఆవిడ కాస్తుంటే చూశాను, అయిదు నిమిషాలకే దించేసింది. పది నిమిషాలు మరగాలి. చీటీ మీద అంత స్పష్టంగా రాసి ఉంది కదా. సరిగా మరిగించి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

జూలై 3

రాయను.

జూలై 4

ఆవిడ ఒక పూట ఎక్కడికో వెళ్లి వచ్చింది. అడిగితే ఎముకల డాక్టరు దగ్గరికి అంది. స్టూలు మీంచి పడ్డానని చెప్పిందట. మంచిదే. పసుపు పాలు ఇచ్చాను. ఊపిరి తీసినప్పుడల్లా చేత్తో పక్క నొక్కుకుంటోంది.

జూలై 6

నిన్న ఇస్త్రీ అమ్మాయి వచ్చింది. దవడ ఒకవైపు ఉబ్బి మాట ముద్దముద్దగా వస్తోంది. ముంజేతి మీద కాలిన మచ్చ, ఇస్త్రీపెట్టె మొనలాగే ఉంది, ఎవరికీ చెప్పక్కర్లేదు. వాడిదీ అదే పని కదా, చేతిలో ఏముంటే దానితో.

"మూడు రోజులు బాగున్నాడన్నా. మా అమ్మ కూడా మా ఇంట్లోనే ఉండి వెళ్లింది. నాలుగో రోజు ఇలా." ఆగి ఊపిరి తీసుకుంది. "నేనే సరిగ్గా మరగబెట్టలేదేమో."

ఎన్ని నిమిషాలు అని అడిగాను. ఆరో ఏడో అంది. అదీ సంగతి, పది ఉండాలమ్మా అన్నాను. తల ఊపింది. ఈసారి గడియారం చూసి పెడతానంది. కాలినదానికి కలబంద ఇచ్చాను, ఊరికే.

మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. నన్ను చూసింది. నా మొహం చూసి ఊరుకుంది.

నాకు ఆ చూపు నచ్చలేదు.

జూలై 9

నిన్నటిది ఉన్నదున్నట్టు రాస్తాను. రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు.

పదకొండింటికి మొక్కల తోట పెద్దాయన వచ్చాడు. నెలకోసారి వస్తాడు. జల్లెడ కింద రాలిన తుక్కు, పుల్లలు, మగ్గిన ఆకు, నేల ఊడ్చిన పొడి అన్నీ దంచి ఆ రాక్ మీదే ఒక డబ్బాలో వేసి ఉంచుతాం, ఆయన ఎరువులో కలుపుకుంటాడు. మొన్న పట్టుకెళ్లినది వెనక్కి తెచ్చాడు. "డాక్టరుగారూ, నా గులాబీలకి కోపం ఎక్కువైందని ఎవరు చెప్పారు మీకు?" అని మూత తీశాడు. గుప్పుమంది. చామంతి, వట్టివేరు, మామగారి చలవ పొడి. నాకే తెలిసింది. "ఇంత సరుకు మట్టిలో కలిపితే పాపమని తెచ్చా. ఎక్కడో డబ్బా మారింది చూసుకోండి" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

రాక్ దగ్గరికి వెళ్లి కింది వరసలో చివరి డబ్బా తీశాను. మూడు వారాలుగా నేను తాగుతున్న డబ్బా. ఇరవై పొట్లాలు కట్టిన డబ్బా. ఎప్పుడూ మూత తీసి చూడలేదు. పైకి రెండూ ఒకలాంటి మట్టిరంగు పొడే. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడిసిన గోనె వాసన.

"నాకు చెత్త తాగించావా?"

ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంది. లేవలేదు. "నాకు తెలియదండీ. నాకు వాసన పోయింది."

"ఎప్పుడు?"

"డబ్బాలు పడిన రోజు." తల వెనక చెయ్యి పెట్టుకుని చూపించింది. "మొన్న ఎముకల కోసం వెళ్లినప్పుడు అదీ అడిగాను. దెబ్బకి లోపల నరం తెగి ఉంటుందన్నారు. రావచ్చు, రాకపోవచ్చునట. మిరియం ముక్కులో మండుతుంది, పుదీనా చల్లగా తగులుతుంది. అంతే. ఇంకేమీ లేదు. మా నాన్న చొక్కా ఒకటి దాచుకున్నాను, అందులోనూ లేదు." కొంగు ముక్కు దాకా తీసుకెళ్లి దించేసింది. "డబ్బాలు మీరే సర్దారు. ఏది ఎక్కడ పెట్టారో నాకెలా తెలుస్తుంది? లెక్కపెట్టుకుని తీశాను."

"అడగొచ్చు కదా!"

"ఎవర్ని?"

అప్పుడు ఆవిడ మిగతాది చెప్పింది. అరవలేదు, తిట్టలేదు. పోస్టుమాస్టరుకి బిళ్లలు మానొద్దని చెప్పినప్పటి గొంతే.

"మీరు పదకొండు రోజులు తుక్కు తాగి బాగున్నారు. అన్నయ్య వెళ్లిన మూడో రోజు కూడా ఆ తుక్కే తాగారు. డబ్బా అదే, నీళ్లు అవే. అన్నయ్య ఉన్నాడని బాగున్నారండీ. కోపం రాకుండా ఉంచుకోవడం మీకు చేతనవును. ఎప్పుడూ చేతనవుతూనే ఉంది."

రోకలి నా చేతిలో ఉంది. ఎప్పుడు తీశానో రాయలేను. ఆవిడ రెండు చేతులూ తల మీద పెట్టుకుంది, కట్టు కట్టిన వేళ్లు పైన. కొట్టడానికి ఎత్తాను. ఈసారి ఎక్కడ దిగుతుందో నాకు తెలుసు. తెలిసే ఎత్తాను.

కౌంటరు మీది గంట మోగింది.

ముందు షట్టరు దించడం మరిచిపోయాను.

రోకలి రోలు పక్కన పెట్టాను. దొర్లకుండా గోడకి ఆనించి పెట్టాను. చొక్కా సర్దుకుని బయటికి వచ్చాను. ఇస్త్రీ అమ్మాయి. ఇప్పుడు ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. "ఏమ్మా, రా, కూర్చో" అన్నాను. నవ్వాను. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో, చక్కగా వచ్చింది.

"ఇంకో పొట్లం ఇస్తావా అన్నా. పది నిమిషాలూ నిలబడి మరగబెట్టాను. రెండు పొట్లాలు కలిపి పెడితే పని చేస్తుందేమో."

అది తుక్కని అప్పటికి నాకు తెలుసు. పావుగంట ముందే తెలిసింది. వద్దమ్మా, ఇంటికి పోకు, అమ్మ దగ్గరికి పో అని నోట్లో దాకా వచ్చింది. కానీ లోపల ఆవిడ ఉంది, వింటోంది. ఇప్పుడు ఈ మాట అంటే లోపల ఆవిడ అన్నది ఒప్పుకున్నట్టే.

పొట్లం ఇచ్చాను. "పదిహేను నిమిషాలు పెట్టి చూడు" అన్నాను.

ఆమె మెట్లు దిగింది. షట్టరు దించాను. తిరిగి వచ్చాను. రోకలి ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది. కోపం కూడా అక్కడే ఉంది. రెండూ తీసుకున్నాను.

ఆవిడ లేదు. పెరటి తలుపు తీసి ఉంది. చెప్పులు స్టూలు కిందే ఉన్నాయి. ఆ పక్కటెముకతో ఎలా పరిగెత్తిందో. ఒక పొట్లం అమ్మినంతసేపు చాలింది.

పదమూడు డబ్బాలూ కొట్టాను. ఒక్కొక్కటీ చదునుగా అయ్యేదాకా. గదంతా పొడి లేచింది, మిరియాలు కళ్లలో పడి ఏమీ కనిపించలేదు. కనిపించకుండానే కొట్టాను. రాక్ కొట్టాను. స్టూలు కొట్టాను, ఆవిడ కూర్చున్న ఎత్తు చూసి కొట్టాను. చెయ్యి లేవనంతదాకా.

పొద్దున లేచి ఈ పుస్తకంలో నేను రాసిన మొదటి పేజీ తీశాను. "ముసలాయన వెళ్లేదాకా ఆగాను. పొట్లం కట్టి ఇచ్చాను. షట్టరు దించాను." నా చేతిరాతే. ఎవరూ అడక్కుండా నేనే రాసుకున్నాను. జూన్ 15 చూశాను, షట్టరు. జూలై 2 చూశాను, షట్టరు. ఒంట్లో వేడికి షట్టరు సంగతి ఎవరు చెప్పారు?

జూలై 10

షట్టరు ఎత్తితే మెట్టు మీద పొట్లం ఉంది. దారం విప్పలేదు. నా చీటీ, నా చేతిరాత. కోపానికి.

పోస్టుమాస్టరు వచ్చాడు. మొన్న మధ్యాహ్నం మూల మలుపు దగ్గర మా ఆవిడ కాళ్లకు చెప్పులు లేకుండా ఇస్త్రీ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపడం చూశాడట. ఆ అమ్మాయి మొదట విడిపించుకోబోయిందట. తరవాత ఇద్దరూ కలిసి బస్సెక్కారట. "పొట్లం మీ మెట్టు మీద పెట్టమని నాకిచ్చారు. అమ్మాయి ఊరికి వెళ్లిందా డాక్టరుగారూ?" అన్నాడు. ఊరికే వెళ్లిందండీ, వచ్చేస్తుంది అన్నాను. దగ్గు పొడి అడిగాడు. నేల మీది పొడిలో ఏది దగ్గుదో నాకు తెలియదు. రేపు రమ్మన్నాను.

బుగ్గన లవంగం ఉమ్మేశాను. నోరు కడుక్కున్నాను. పొట్లం విప్పి నీళ్లలో వేసి, గడియారం చూస్తూ పది నిమిషాలు మరిగించాను. తాగాను. గోనెసంచి రుచి.

కోపం రాలేదు. ఇంట్లో ఎవరూ లేరు.